నివేదికలో లేని పేర్లు

వార్షికోత్సవం నాడు ప్రిన్సిపాల్ గారు పాఠశాల నివేదిక చదువుతారు. బోర్డు పరీక్షల్లో ఉత్తీర్ణత శాతం, రీజనల్ ఆటల పోటీల్లో పతకాలు, స్కౌట్లకూ గైడ్లకూ వచ్చిన పురస్కారాలు, సైన్సు ప్రదర్శనలో బహుమతులు ఒక్కొక్కటిగా చెబుతారు. ఒక్కోదానికి మనం చప్పట్లు కొడతాం. నివేదిక ఎంత పొడుగ్గా ఉన్నా అందులో ఒక్క సంగతి ఉండదు. కిందటేడు టీసీ తీసుకుని వెళ్ళిపోయిన పిల్లలు ఇప్పుడెక్కడ ఉన్నారు, ఏం చేస్తున్నారు అన్నది. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందిమి అలా వెళ్ళిపోయేవాళ్ళమే కాబట్టి, ఆ ప్రశ్న మనకి మిగతావాళ్ళ కంటే ఎక్కువ తోస్తుంది.

మేమిద్దరం అన్నాచెల్లెళ్ళం. ఒకరం పన్నెండో తరగతి, ఒకరం పదో తరగతి. నాన్నగారు సీపీడబ్ల్యూడీలో పనిచేస్తారు. ఝాన్సీ, గువాహటి, నాగ్‌పూర్ తిరిగి రెండేళ్ళ కిందట సికింద్రాబాద్ వచ్చాం. అంతవరకు మా తెలుగు బడి మా ఇల్లే, పంతులమ్మ మా అమ్మే. ఈ వ్యాసంలో మేము రాయాలనుకున్నది మాత్రం మా పెదనాన్నగారి అమ్మాయి చదువుతున్న న్యాయ కళాశాల గురించి. పెదనాన్నగారు గుంతకల్లులో రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. అక్క బెంగళూరులో నేషనల్ లా స్కూల్ ఆఫ్ ఇండియా యూనివర్సిటీలో అయిదో సంవత్సరంలో ఉంది. సెలవుల్లో ఆమె మాకు చెప్పిన కబుర్లూ, ఆ సంస్థ గురించి మేము చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ సంస్థ ఎలా పుట్టిందో చెప్పాలి. ఒకప్పుడు మన దేశంలో లా చదవాలంటే డిగ్రీ అయ్యాక మూడేళ్ళు చదివేవారు. చాలాచోట్ల అది సాయంత్రం పూట తరగతులతో, ఉద్యోగం చేసుకుంటూ చదివే చదువు. వైద్యానికీ ఇంజనీరింగుకూ ఉన్నట్టు ఇంటర్ తర్వాత నేరుగా చేరి, హాస్టల్లో ఉండి, పూర్తికాలం చదివే న్యాయ విద్య ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తలపెట్టింది. అందుకోసం కర్ణాటక శాసనసభ 1986లో ఒక చట్టం చేసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధిస్తున్న ఎన్.ఆర్. మాధవ మీనన్ గారు ఈ బడికి తొలి డైరెక్టర్‌గా వచ్చారు. 1988లో తరగతులు మొదలయ్యాయి. బి.ఏ., ఎల్ఎల్.బి. కలిసిన అయిదేళ్ళ కోర్సు. మొదటి బ్యాచ్ 1993లో బయటికి వచ్చింది. ఈ విశ్వవిద్యాలయానికి చాన్సలర్ సాక్షాత్తు భారత ప్రధాన న్యాయమూర్తి.

మీనన్ గారు అక్కడితో ఆగలేదు. తర్వాత కోల్‌కతాలో మరో న్యాయ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టారు. భోపాల్‌లో జడ్జీలకు శిక్షణనిచ్చే నేషనల్ జుడీషియల్ అకాడమీకి డైరెక్టర్‌గా వెళ్ళారు. ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతా, భోపాల్ అంటూ ఆయన మారిన ఊళ్ళు లెక్కపెడితే మాకు మన నాన్నల సర్వీసు రిజిస్టర్లు గుర్తొచ్చాయి. బెంగళూరులో ఆయన వేసిన నారునే తర్వాత ఒక్కో రాష్ట్రం తెచ్చి తమ మడిలో నాటుకుంది. మన హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దగ్గరున్న నల్సార్ 1998లో, విశాఖపట్నం దగ్గరున్న దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం 2008లో అలా వచ్చినవే. ఇప్పుడు దేశంలో ఇలాంటివి ఇరవైకి పైగా ఉన్నాయి.

ఇక విజయాల సంగతి. లా స్కూల్ విజయాలంటే అన్నిటికంటే ముందు చెప్పుకునేది మూట్ కోర్టు. మూట్ కోర్టు అంటే నమూనా న్యాయస్థానం. ఒక ఊహించిన తగాదా ఇస్తారు. విద్యార్థులు లాయర్లలా వాదిస్తారు, నిపుణులు జడ్జీల్లా కూర్చుని మాటమాటకీ అడ్డుపడి ప్రశ్నలడుగుతారు. వీటిలో అన్నిటికంటే పేరున్నది 1960లో మొదలైన జెస్సప్ పోటీ. అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జిగా పనిచేసిన ఫిలిప్ జెస్సప్ పేరు మీద జరుగుతుంది. ప్రపంచమంతటి నుంచి కొన్ని వందల న్యాయ కళాశాలలు పాల్గొంటాయి. ఇందులో రెండు ఊహాదేశాల మధ్య తగాదా ఉంటుంది. మా అక్క కళాశాల ఆ పోటీలో రెండుసార్లు, 1999లోనూ 2013లోనూ, ప్రపంచ విజేతగా నిలిచింది.

మాకు నచ్చింది ఆ కప్పు కంటే ఆ పోటీలో ఉన్న ఒక నియమం. ప్రతి జట్టూ రెండు దేశాల తరఫునా వాదన రాయాలి. ఒక రౌండులో ఒక దేశం పక్షాన నిలబడితే, మరో రౌండులో ఎదుటి దేశం పక్షాన నిలబడాలి. పొద్దున "ఇది అన్యాయం" అని బల్ల గుద్దినవాళ్ళే సాయంత్రానికి "ఇదే న్యాయం" అని నిరూపించాలి. ఇది దొంగ వాదన కాదా అని మేము అక్కని అడిగాం. "అవతలివాడి వాదన వాడికంటే బాగా చెప్పగలిగినప్పుడే నీ వాదన నీకు అర్థమైనట్టు" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో టీవీ రిమోట్ తగాదాలు కూడా పక్షాలు మార్చి వాదించుకుంటున్నాం. అమ్మ తీర్పు మాత్రం ఎప్పుడూ ఒక్కటే. టీవీ కట్టేయమని.

మిగతా విజయాలు క్లుప్తంగా చెబుతాం. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకోవడానికి ఇచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ మన దేశంలో ఏటా కొద్దిమందికే వస్తుంది. ఈ ఒక్క కళాశాల నుంచే ఇప్పటికి ఇరవై మందికి పైగా ఎంపికయ్యారు. కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో న్యాయ విద్యకు 2018లో విడిగా పట్టిక మొదలైంది. ఆ ఏడు మొదటి స్థానం వీరిదే, తర్వాత కూడా దాన్ని నిలుపుకుంటూ వచ్చారు. విద్యార్థులే సంపాదకులుగా నడిపే న్యాయ పత్రికలు ఉన్నాయి. స్పిరిటస్ అని ఆటల పండుగ, స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ అని సంగీతోత్సవం ఉన్నాయి. ఏడాదికి మూడు ట్రైమెస్టర్లు, ప్రతి ట్రైమెస్టర్లో పరీక్షలతో పాటు ప్రాజెక్టు వ్యాసాలు. ఇంత చదువు మధ్యలో పండుగలెప్పుడు చేసుకుంటారో మాకైతే తెలియదు.

అక్క పేరు కూడా ఒక ఏడాది నివేదికలో వచ్చింది. ఒక మూట్ పోటీ జట్టులో మూడో పేరు ఆమెది. జట్టులో ఇద్దరు నిలబడి వాదిస్తే మూడోవారు పరిశోధకులు. బల్ల దగ్గర కూర్చుని, వాదించేవాళ్ళకి కావలసిన పేజీ కావలసిన క్షణంలో తీసివ్వాలి. ఒక్క మాటా మాట్లాడకూడదు. ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వని మా అక్క ఆ పని ఎలా చేసిందా అని పెద్దమ్మ ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది.

ఈ కళాశాలలో చేరడం ఎలా అన్నది మీలో కొందరైనా అడుగుతారు. దేశమంతటికీ కలిపి 2008 నుంచి క్లాట్ అనే ప్రవేశ పరీక్ష జరుగుతోంది. ఇంగ్లీషు, వర్తమాన విషయాలు, న్యాయపరమైన తర్కం, సాధారణ తర్కం, కొంచెం లెక్కలు ఉంటాయి. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో మాత్రమే ఉంటుంది. కొన్నేసి ప్రశ్నలకి ముందు పెద్ద పేరా చదవాలి. అంటే ఇంట్లో ఇంగ్లీషు పత్రిక వచ్చే పిల్లవాడికీ, రాని పిల్లవాడికీ పరీక్ష హాలుకు వెళ్ళకముందే తేడా మొదలవుతుంది. శిక్షణకి పెద్ద ఊరు కావాలి. సీటు వచ్చాక ఏడాదికి లక్షల్లో ఖర్చు.

మనలాంటి వాళ్ళకి ఇంకొక చిక్కు ఉంది. 2020లో కర్ణాటక ప్రభుత్వం ఈ విశ్వవిద్యాలయ చట్టాన్ని సవరించి, 25 శాతం సీట్లు కర్ణాటక విద్యార్థులకు ఇవ్వాలంది. కర్ణాటక విద్యార్థి అంటే ఆ రాష్ట్రంలో కనీసం పదేళ్ళు చదివినవారు. ఆ సవరణను అదే ఏడాది సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది. తర్వాత విశ్వవిద్యాలయం తానే తన ప్రణాళికలో భాగంగా కర్ణాటక విద్యార్థులకు 25 శాతం సీట్లు కేటాయించింది.

దీని మీద మేమిద్దరం జెస్సప్ పద్ధతిలో వాదించుకున్నాం. ముందు చెల్లెలు సవరణకు వ్యతిరేకంగా వాదించింది. "పదేళ్ళు ఒకే రాష్ట్రంలో చదివిన పిల్లలు మన క్లాసులో ఎంతమంది? నాన్న దేశం కోసం ఊళ్ళు మారితే, ఏ రాష్ట్రమూ మనల్ని తనవాళ్ళు అనదా?" అంది. అన్నయ్య రెండో పక్షం. "చట్టం చేసి సంస్థను పుట్టించింది ఆ రాష్ట్రమే. దానికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె పిల్లవాడు ఆ గేటు లోపలికి ఎన్నడూ వెళ్ళలేకపోతే, అది ఆ ఊళ్ళో ఉండి ఏం లాభం?" అన్నాడు. తర్వాత పక్షాలు మార్చుకున్నాం. చివరికి ఎవరూ గెలవలేదు. ఎందుకంటే రెండు మాటల్లోనూ నిజముంది. సీటు ఎవరికి వస్తుందన్నది నియమాలు తేలుస్తాయి. వచ్చినవాళ్ళు రానివాళ్ళకి ఏం చేస్తారన్నది మాత్రం ఏ నియమంలోనూ ఉండదు. అది తేల్చవలసింది పూర్వ విద్యార్థులే.

అలా చేసినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు శామ్‌నాద్ బషీర్ గారిది. కేరళకు చెందినవారు. ఈ కళాశాలలోనే చదివి, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, కోల్‌కతా న్యాయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. పేటెంట్లు, కాపీరైట్ల చట్టంలో పెద్ద పండితుడు. 2014లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు. తరగతి గదిలో తన ఎదుట కూర్చున్న పిల్లల్లో ఎక్కువమంది పట్టణాల నుంచీ కలిగిన ఇళ్ళ నుంచీ వచ్చినవాళ్ళేనని ఆయన గమనించారు. రేపు లాయర్లూ జడ్జీలూ అయ్యేవాళ్ళంతా ఒక తరహా ఇళ్ళ నుంచే వస్తే, మిగతావాళ్ళ కష్టం కోర్టులో ఎవరికి అర్థమవుతుంది? ఈ ఆలోచనతో 2010లో ఇడియా అనే సంస్థ మొదలుపెట్టారు. లా స్కూళ్ళలో చదివే విద్యార్థులే పల్లెల్లోని బడులకు వెళ్ళి న్యాయ విద్య గురించి చెబుతారు. ఆసక్తి ఉన్న పిల్లల్ని ఎంచి క్లాట్‌కు శిక్షణ ఇస్తారు. సీటు వస్తే ఫీజుకు దాతల్ని వెతుకుతారు. చేరాక కూడా చెయ్యి వదలకుండా చదువులో తోడుంటారు. బషీర్ గారు 2019లో నడివయసులోనే చనిపోయారు. సంస్థ మాత్రం నడుస్తూనే ఉంది. ఆ దారిలో లాయర్లయిన వాళ్ళలో చూపు లేనివారు కూడా ఉన్నారు.

బెంగళూరులో ఆల్టర్నేటివ్ లా ఫోరం అనే సంస్థ ఉంది. 2000లో కొందరు యువ న్యాయవాదులు కలిసి స్థాపించారు. వాళ్ళలో ఈ కళాశాల పూర్వ విద్యార్థులు ఉన్నారు. కోర్టు ఖర్చులు భరించలేనివాళ్ళ తరఫున నిలబడటం వాళ్ళ పని. ఇంకొక విశేషం. 2019లో ఈ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయిన సుధీర్ కృష్ణస్వామి గారు ఒకప్పుడు ఇక్కడి విద్యార్థే. ఇక్కడ చదివి ఆ పదవిలోకి వచ్చినవారిలో ఆయనే మొదటివారు. వైస్ చాన్సలర్‌ని అవతలి గదిలో ఉన్న సీనియర్‌లా చూడటం మొదట్లో కొంచెం వింతగా ఉండేదని అక్క అంటుంది.

ఇవన్నీ అందరికీ తెలిసిన పేర్లు. ఇక ఎవరికీ తెలియనివి.

అక్క రెండో సంవత్సరంలో ఉండగా పెదనాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది. దాచిన డబ్బు దానికే అయిపోయింది. అక్క ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఆ ఏడాదితో చదువు ఆపేసి గుంతకల్లులోనే ఏదో డిగ్రీలో చేరిపోదామని నిర్ణయించుకుంది. పుస్తకాలు కూడా లైబ్రరీకి తిరిగి ఇచ్చేసింది. ట్రైమెస్టర్ మధ్యలో పుస్తకాలన్నీ ఇచ్చేస్తున్న పిల్లని చూసి పై క్లాసు అమ్మాయి ఒకామెకు అనుమానం వచ్చింది. కూర్చోబెట్టి అడిగింది. ఆ రాత్రే సంగతి పూర్వ విద్యార్థులకు చేరింది. రెండోరోజు గువాహటి నుంచి ఒక న్యాయవాది ఫోన్ చేశారు. ఆయన చదువు ముగించి అప్పటికి పదిహేనేళ్ళు. మా అక్కది ఏ రాష్ట్రమని ఆయన అడగలేదు, ఏ కులమని అడగలేదు. ఎన్నో బ్యాచ్ అని మాత్రం అడిగారు. ఆయనా, ఆయన క్లాసువాళ్ళు అయిదుగురూ కలిసి ఆ ఏడాది ఫీజు కట్టేశారు. తర్వాతి ఏడాదికి స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎలా పెట్టుకోవాలో కూడా చెప్పారు.

లా చదివే పిల్ల కదా, అక్క ప్రామిసరీ నోటు రాసి పంపిస్తానంది. ఆయన నవ్వి, నోటు వద్దు, రెండేళ్ళ పాటు నీ ఆదివారాలు ఇవ్వు అన్నారట.

అందుకని అక్క ప్రతి ఆదివారం నగరంలో ఒక ప్రభుత్వ హాస్టలుకు వెళ్ళేది. అక్కడ పదకొండో తరగతి చదివే ఇద్దరమ్మాయిలకి ఇంగ్లీషు పత్రికలో ఒక సంపాదకీయం చదివి వినిపించేది. వాళ్ళది కన్నడ మాధ్యమం. అందులో ఒకరి ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తెలియని మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాయించేది. రాసిన వ్యక్తి ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, అవతలివాళ్ళు ఏమనవచ్చు అని మూడు ప్రశ్నలు వేసేది. మొదటి ఆదివారం ఒక్క సంపాదకీయానికి మూడు గంటలు పట్టిందట. రెండో ఏడాదికి నలభై నిమిషాలు.

వాళ్ళిద్దరూ క్లాట్ రాశారు. ఒకరికి ఒక న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. ఇంకొకరికి రాలేదు. ఆ అమ్మాయి బి.కాం.లో చేరింది. ఫలితాలు వచ్చిన వారం అక్క హాస్టలుకు వెళ్ళడానికి భయపడింది. వెళ్ళేసరికి ఆ అమ్మాయి పత్రిక పట్టుకుని కూర్చుని ఉంది. డిగ్రీ తర్వాత చదివే మూడేళ్ళ లా కోర్సు అక్క వాళ్ళ కళాశాలలోనే 2022లో మొదలైంది. కాబట్టి ఆదివారం పాఠం ఆగలేదు. రెండేళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయినా నడుస్తూనే ఉంది.

ఈ పాఠం ఏ వార్షిక నివేదికలోనూ లేదు. గువాహటి న్యాయవాది పేరు కూడా లేదు. తన పేరు ఎక్కడా చెప్పొద్దని ఆయనే అన్నారట, అందుకే మేమూ రాయడం లేదు. మేము మూడేళ్ళు గువాహటిలో ఉన్నాం. ఆయన పనిచేసే హైకోర్టు ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్ళి ఉంటాం. మా అక్క చదువు నిలబెట్టిన మనిషి ఆ భవనంలోనే ఉంటారని అప్పుడు మాకేం తెలుసు?

పతకాలు గొప్పవి కావని మేము అనడం లేదు. మూట్ కోర్టు లేకపోతే అక్కకి ఆ మూడు ప్రశ్నలు వేయడం వచ్చేది కాదు. ర్యాంకు లేకపోతే ఆ కళాశాల పేరు గుంతకల్లు దాకా వచ్చేది కాదు. ఏడాది విజయాలు ఒక కళాశాలకు పేరు తెస్తాయి. ఆ పేరుతో బయటికి వెళ్ళినవాళ్ళు తర్వాత ముప్పై ఏళ్ళు ఏం చేశారన్నది ఆ పేరుకు అర్థం ఇస్తుంది.

మరి మన సంగతేమిటి? లా స్కూల్‌లో అయిదేళ్ళు కలిసి ఉంటారు కాబట్టి బ్యాచ్ ఏర్పడుతుంది. మనం మూడేళ్ళకోసారి కదిలిపోతాం. మన బ్యాచ్ ఏది? మేము చదివిన నాలుగు బడుల్లో ఏ బడికి మేము పూర్వ విద్యార్థులం? దీని గురించి చాలా ఆలోచించి, లైబ్రేరియన్ మేడమ్‌ని అడిగి, జులైలో ఒక చిన్న పని మొదలుపెట్టాం. లైబ్రరీలో ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టాం. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళేవాళ్ళు అందులో ఒక పేజీ రాయాలి. పేరు, తరగతి, ఏ ఊరు వెళ్తున్నారు, అక్కడికి వచ్చేవాళ్ళకి ఏ సాయం చేయగలరు, ఇక్కడ ఏ పుస్తకాలో నోట్సులో వదిలి వెళ్తున్నారు, అంతే. కొత్తగా చేరినవాళ్ళు అది చూసుకోవచ్చు.

ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి. నవంబరులో జైసల్మేర్ వెళ్ళిన ఏడో తరగతి అబ్బాయి తన సంస్కృతం నోట్సు వదిలి వెళ్ళాడు. మొన్న జామ్‌నగర్ నుంచి వచ్చిన అమ్మాయి దాన్ని తీసుకుంది. వచ్చే ఏప్రిల్‌లో నాన్నగారికి ఆర్డర్లు రావచ్చు. అప్పుడు మేమూ ఒక పేజీ రాస్తాం. అక్క మాకిచ్చిన పాత క్లాట్ ప్రశ్నపత్రాల కట్ట రెండో బీరువాలో కింది అరలో ఉంటుంది. లా చదవాలనుకునేవాళ్ళు తీసుకోండి. అయిపోయాక మళ్ళీ అక్కడే పెట్టండి. మీ పేజీ రాయడం మాత్రం మరిచిపోకండి.